తలకిందులు కాని బొమ్మ

“ఏ చెయ్యి?”

“ఎడమ చెయ్యి.”

“తొందరేం లేదు పండితులుగారూ, తాపీగా ఆలోచించి చెప్పండి.”

“మూడు రోజులుగా ఆలోచించే చెబుతున్నాను కాపిటానో. ఎడమ చెయ్యే. కప్పు మీదికి వచ్చింది, వేళ్ళు విదిలించింది, మళ్ళీ అంగీలోకి వెళ్ళిపోయింది. ఏ పీఠం ముందు ప్రమాణం చెయ్యమన్నా చేస్తాను.”

కాపిటానో ఒనోఫ్రియో జకారెల్లా, వైద్యపండితుడు ప్లాచిదో ముఖంలోకి తేరిపార చూశాడు. అబద్ధం చెప్పేవాడి ముఖం కాదది. చిక్కంతా అక్కడే వచ్చింది. నేపుల్స్ రాజన్యాయస్థానం తరఫున ఇరవై రెండేళ్ళుగా నేరాలు విచారిస్తున్నాడు ఒనోఫ్రియో. అబద్ధమాడేవాడైతే ఉల్లిపాయ వలిచినట్టు పొరపొరా వలిచేసేవాడు. నిజం చెప్పేవాణ్ణి ఏం వలుస్తాం?

“సాక్షి గట్టిగానే ఉన్నాడుగా,” అన్నాడు కిటికీ దగ్గర కూర్చున్న పాదిరి సిల్వేరియో. ఆయన ఒళ్ళో ఇసుకగడియారం ఉంది. దాన్ని ఆయనే వెంట తెచ్చుకున్నాడు. “నాయనా ఒనోఫ్రియో, ఇంకా రెండుసార్లు తిప్పితే మధ్యాహ్నపు గంట. గంట మోగగానే ఆ ఆడమనిషి మా మతవిచారణకి వస్తుంది. ఒప్పందం మీ జడ్జీలు చేసిందే.”

“గుర్తుంది పాదిరిగారూ. నిమిషానికోసారి గుర్తు చెయ్యక్కర్లేదు.”

“నేను మంత్రగత్తెల్ని నమ్మేవాణ్ణి కాదయ్యా. సాక్ష్యాన్ని నమ్మేవాణ్ణి. నువ్వూ అంతేననుకున్నాను.”

ఆ మాట ఒనోఫ్రియోకి సూదిలా దిగింది. ఈ పాదిరి మూర్ఖుడైతే ఎంత బాగుండేది!

జరిగింది మూడు ముక్కల్లో చెప్పొచ్చు. ఈ ఇంటి యజమాని డాన్ త్రయానో వెర్దెరామె. ప్రకృతిలో దాగిన శక్తుల్ని వెతికే పెద్దమనుషుల సభకి ఆయనే పెద్ద. అయస్కాంతం ఇనుమునెందుకు లాగుతుంది, అద్దం మంటనెలా పుట్టిస్తుంది, ఏ మూలిక ఏ గాయాన్ని మాన్పుతుంది - ఇదీ వాళ్ళ గొడవ. దీన్ని వాళ్ళు మంత్రవిద్యే అంటారు. కాకపోతే దయ్యాలతో పనిలేని మంత్రవిద్య. సభలో చేరాలంటే ఎవరూ చూడని రహస్యం ఒకటి తెచ్చి అందరి కళ్ళ ముందూ చేసి చూపాలి. చూపించే రోజున జమీందారైనా, అద్దాలు అరగదీసే కూలిమనిషైనా ఒకేరకం బూడిదరంగు అంగీ తొడిగి, ముసుగు ముఖం మీదికి లాక్కోవాలి. రహస్యాన్ని చూడాలి గాని తెచ్చినవాడి పుట్టుక చూడకూడదని ఆ నియమం.

సోమవారం పొద్దున డాన్ త్రయానో ముంగిట్లో బావిగట్టు మీద బార్లీనీళ్ళ కప్పు పెట్టి, కాగితం తేవడానికి లోపలికెళ్ళాడు. వచ్చి గటగటా తాగాడు. ఇసుకగడియారం ఒక్కసారి ఖాళీ అయ్యేలోపు నోరు పిడచకట్టుకుపోయింది. లేని మనుషులతో మాట్లాడాడు. సాయంత్రం ప్రార్థన గంటకి ప్రాణం పోయింది. పోయాక చూస్తే కంటిపాప నాణెమంత పెద్దదై ఉంది. దయ్యాన్ని చూసి జడుసుకున్న కళ్ళన్నారు వీధిలో జనం. ఒనోఫ్రియో నవ్వుకున్నాడు. ఈ ఊళ్ళో షోకు చేసుకునే ఆడవాళ్ళు కళ్ళు పెద్దవి కావాలని వేసుకునే చుక్కలు ఆయనెరుగును. అవే కడుపులోకి పోతే ఇంతే.

కప్పు గట్టు మీదున్నప్పుడు ముంగిట్లో ఉన్నవాళ్ళు ముగ్గురు. ముగ్గురూ బూడిద అంగీల్లోనే ఉన్నారు. ఒకరు డాన్ త్రయానో అన్నకొడుకు ఎర్కొలే; చిన్నాన్న పోతే ఈ ఇల్లు అతనిదే. రెండోవాడు మందులంగడి ముసలాయన డాన్ గ్రాత్సియానో. మూడోది మెనికెల్లా, గాజు అరగదీసి కంటిఅద్దాలూ భూతద్దాలూ చేసే విధవరాలు. ముగ్గురిలో ఎడంచేతి వాటం ఒక్క మెనికెల్లాదే.

“మరోసారి చెప్పండి, మీరెక్కణ్ణించి చూశారు?” అన్నాడు ఒనోఫ్రియో.

ప్లాచిదో తల వంచుకున్నాడు. “మేడ మీద చీకటిగదిలోంచి. డాన్ త్రయానో ఆ రోజు చూపబోయే రహస్యం అక్కడే ఉంది. ప్రదర్శనకి ముందే చూసెయ్యాలని కక్కుర్తిపడ్డాను. తలుపు తీసి దూరాను. కిటికీ చెక్కలో చిల్లుంది. దాంట్లోంచి వెలుతురు లోపలికొచ్చి, ముంగిలంతా బొమ్మై కాగితం మీద పడింది. మనుషులు వేలెడంత. అందులో చూశాను.”

“అప్పుడు పొద్దెంత?”

“గిలక నీడ అరుగు మూడో పలక మీదుంది.”

నిన్న ఒనోఫ్రియో అరుగు మీద కూర్చుని ఆ నీడతో పాటు పాకాడు. మూడో పలక మీదికి అది వచ్చే వేళా, డాన్ త్రయానో కప్పు తాగిన వేళా సరిగ్గా కలిశాయి. మేడ మీది గదికి ఆ ఒక్క కిటికీయే. దానికి చెక్కలు మేకులతో బిగించి ఉన్నాయి. అంటే ప్లాచిదో ఆ నీడనీ, చేతినీ బొమ్మలోనే చూశాడు, నిజంగానే చూశాడు.

“మెనికెల్లాని తీసుకురండి,” అన్నాడు ఒనోఫ్రియో భటులతో.

2

నలభై దాటిన మనిషి. చేతులకి తాడు. వేళ్ళ సందుల్లో గాజుపొడి తెల్లగా ఇంకిపోయి ఉంది. మూడు రోజుల చెరసాల కూడా దాన్ని కడగలేదు.

“తాడు విప్పండి,” అన్నాడు ఒనోఫ్రియో.

“విప్పకపోయినా ఏం నష్టం లేదయ్యా,” అంది మెనికెల్లా. “ఎడమ చెయ్యి ఒక్కటి కట్టేస్తే చాలట కదా. కుడిచెయ్యి పాపం అమాయకురాలు. దానికెప్పుడూ ఏ పనీ రాలేదు.”

భటుడొకడు కిసుక్కున నవ్వి, పాదిరి చూపు తగిలి నోరు మూసుకున్నాడు.

“నీకు డాన్ త్రయానోతో పేచీ ఏమైనా ఉందా?”

“రోజూ ఉండేది. ‘ఇంకా పల్చగా అరగదియ్యి మెనికెల్లా’ అనేవారు. ‘మీ బుర్రకంటే పల్చగానే ఉంది దొరా’ అనేదాన్ని. ఏడాదిపాటు ఒక్క అద్దం అరగదీశానయ్యా. పద్నాలుగు పగిలాయి. పదిహేనోది నిలబడింది. దాన్ని కిటికీ చిల్లులో బిగించిన రోజున ఆయన పిల్లాడిలా ఏడ్చారు. అలాంటి మనిషికి విషం పెట్టి ఏం చేసుకుంటాను? ఇంకో దొరెవడు నా ఎడమచేతి పని కొంటాడు?”

“సోమవారం కప్పు దగ్గరికి వెళ్ళావా?”

“లేదు. అరుగు మీద కూచున్నాను. ఆ ముసుగులో ఉడికి చచ్చాను. పక్కన ఎవరు లేచారో, ఎవరు కూచున్నారో చూళ్ళేదు.”

“ఆ రోజు నీ అద్దం ఒక్కటేనా చూపించేది?”

“కాదయ్యా. అద్దం పొద్దున. మధ్యాహ్నం కోళ్ళు.”

“కోళ్ళేంటి?”

“గాయాన్ని వదిలేసి, గాయం చేసిన కత్తికి పొడి రాస్తే గాయం మానుతుందంటారే, దాని సంగతి. అయ్యగారూ నేనూ పెరట్లో రెండు కోళ్ళకి ఒకే లోతున గాటు పెట్టాం. ఒక కత్తికి పొడి రాశాం, రెండో కత్తికి రాయలేదు. పదకొండో రోజుకి రెండు గాట్లూ ఒకేలా మానిపోయి, రెండూ కలిసే గింజలు పొడుచుకున్నాయి. అయ్యగారు అది అందరి ముందూ చూపిద్దామనుకున్నారు. అప్పటిదాకా గుట్టుగా ఉంచమన్నారు.”

“ఉంచావా?”

మెనికెల్లా నోరు తెరిచేలోపు తలుపు దభాలున తెరుచుకుంది. ఎర్కొలే లోపలికి దూసుకొచ్చాడు. పాతికేళ్ళ కుర్రవాడి కోపం, నల్లటి సంతాపం బట్టలు.

“ఇంకా దీంతో కబుర్లేంటి కాపిటానో? మా చిన్నాన్న మట్టిలో ఉన్నాడు. ఇది ఇక్కడ కోళ్ళ కథలు చెబుతోంది! పాదిరిగారూ, తీసుకుపోండి దీన్ని. మీ తాడుకి వేలాడదీస్తే నిజం అదే ఊడిపడుతుంది.”

“ఇల్లు మీ పేర రాయించుకునే దాకా ఆగండి బాబూ, ఆ తర్వాత నన్ను బయటికి గెంటుదురు గాని,” అంది మెనికెల్లా.

“ఛీ! నోర్ముయ్!”

“నెమ్మది, నెమ్మది.” ఎర్కొలే వెనకే వచ్చిన డాన్ గ్రాత్సియానో అతని భుజం మీద చెయ్యి వేశాడు. తెల్లగడ్డం, వంగిన నడుం. ఊళ్ళో సగం ఇళ్ళలో ఆయన పొట్లాలే ఉంటాయి. మూడు రోజులుగా చెరసాలకి రొట్టే, అత్తిపళ్ళూ పంపింది ఆయనొక్కడే. “కాపిటానో, దుఃఖంలో ఉన్న కుర్రవాడు, మన్నించండి. ఈ తల్లి ఏ పాపమూ ఎరగదని నా మనసు చెబుతోంది. కాని మా ప్లాచిదో కళ్ళని కాదనగల శక్తి నాకు లేదు.”

పాదిరి ఇసుకగడియారం తిప్పాడు. ఇసుక కొత్తగా జారడం మొదలెట్టింది.

ఒనోఫ్రియో లేచాడు. “ఆ గది నేను చూడాలి. గది మాత్రమే కాదు, ఆ బొమ్మ కూడా. సోమవారం ఎవరు ఎక్కడున్నారో అక్కడే, అవే అంగీల్లో ఉండండి. గిలక నీడ మూడో పలక మీదికి రాబోతోంది.”

“అంటే ఇంద్రజాలం చూసి తీర్పు చెప్తావా?” అన్నాడు పాదిరి.

“మీరూ రండి. దయ్యం కనిపిస్తే పట్టుకోడానికి మీరుండాలిగా.”

“వస్తాను. నువ్వు ఓడిపోవడం దగ్గర్నుంచి చూడాలి.”

ఒనోఫ్రియో బావిగట్టు మీద ఖాళీ కప్పొకటి పెట్టించి, భటుల్ని వీధి గుమ్మానికి పంపాడు. ముంగిట్లో ముగ్గురే మిగిలారు. మెనికెల్లా తలకి తెల్లగుడ్డ కట్టుకుని, కాలికి గొలుసుతో అరుగు మీద కూర్చుంది. ముసుగేస్తే ఊపిరాడదంటే ఆమెకొక్కదానికే మినహాయింపు ఇచ్చాడు. మిగతా ఇద్దరూ ముసుగులు లాక్కున్నారు. లాక్కున్నాక ఎర్కొలే ఎవరో, గ్రాత్సియానో ఎవరో కన్నవాళ్ళు కూడా పోల్చలేరు. వంగిన నడుం కూడా ఆ అంగీలో మునిగిపోయింది.

“మేడ కిటికీ సందులోంచి ఈ తెల్ల చేతిగుడ్డ వేలాడదీస్తాను,” అన్నాడు ఒనోఫ్రియో. “అది కనిపించాకే మొదలు. అప్పటిదాకా మిమ్మల్నెవరూ చూడరు. నీడలో కూచుని ఊపిరి పీల్చుకోండి.”

3

గదిలోకి రెండు తలుపులు, మధ్యన దళసరి నల్లతెర. తెర దాటి లోపలికెళ్ళగానే కన్ను పోయినట్టయింది. ప్లాచిదో తడుముకుంటూ కిటికీ చెక్క దగ్గరికి వెళ్ళాడు. చిల్లు మీది మూత చప్పుడు చేసింది.

మొదట ఏమీ కనపడలేదు. బల్ల మీద పరిచిన కాగితం పాలతరకలా తెల్లబారింది, అంతే. ప్లాచిదో కాగితాన్ని జానెడు పైకెత్తి, దాని కింద పుస్తకమొకటి దూర్చాడు.

ముంగిలి బల్ల మీదికి వచ్చేసింది.

ఒనోఫ్రియో బల్ల దగ్గరికి రెండడుగులు వేశాడు. ఆయన కొండలమీద బాదం తోటల మధ్య పెరిగినవాడు. సముద్రం మొదటిసారి చూసినప్పుడు కూడా ఇంతగా విస్తుపోలేదు. కాగితం మీద నిమ్మచెట్టు నిలబడి ఉంది. ఎవరూ గీసింది కాదు, బతికున్న చెట్టు. ఆవగింజంత కాయలు పచ్చగా మెరుస్తున్నాయి. గాలికి ఆకులు కదులుతున్నాయి. కదలికలన్నీ ఉన్నాయి, చప్పుడొక్కటే లేదు. బావి బొక్కెన నుంచి నీటిచుక్క జారింది. జారేటప్పుడు దాని ఒంట్లో సూర్యుడు మెరిశాడు. పైన ఆకాశం అరచేతి వెడల్పున నీలంగా, దాంట్లోంచి మబ్బుతునక ఒకటి కాగితం అంచుదాకా నడిచొచ్చి మాయమైంది.

పాదిరి సిల్వేరియో చెయ్యి చాపాడు. ముట్టుకుందామని కాబోలు. నిమ్మచెట్టు కాగితం మీంచి లేచి ఆయన అరచేతిలోకి వచ్చింది. ఆకులు ఆయన చేతిగీతల మీద ఊగాయి. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

“ఇది... మంత్రం కాదా?” అన్నాడు కాసేపటికి. ఆ గొంతు వేదిక మీది గొంతు కాదు.

“వెలుతురు పాదిరిగారూ,” అన్నాడు ప్లాచిదో. “వెలుతురు తన పని తాను చేస్తోంది. మనం అడ్డం తప్పుకున్నాం, అంతే. పూర్వం మా గోడ మీద ఇదే బొమ్మ తలకిందులుగా పడేది. మనుషులు గబ్బిలాల్లా వేలాడేవాళ్ళు. డాన్ త్రయానో దాన్ని నిలబెట్టాడు. సోమవారం ఇది చూసి నేను మోకాళ్ళ మీద కూలబడ్డాను.”

“దేన్ని పెట్టి నిలబెట్టాడు?” అన్నాడు ఒనోఫ్రియో. కళ్ళు మాత్రం కాగితాన్ని వదల్లేదు.

“చిల్లులో మెనికెల్లా అద్దం. దాని వెనక ఏటవాలుగా ముఖం చూసుకునే అద్దం. చిల్లులోంచి వచ్చిన బొమ్మని అది కిందికి, బల్ల మీదికి తోస్తుంది.”

ఒనోఫ్రియో చేతిలో తెల్లగుడ్డ నలుగుతోంది. దాన్ని బయట వేలాడదీయాలన్న సంగతి ముగ్గురిలో ఎవరికీ గుర్తులేదు.

కాగితం మీద, అరుగు మీద కూర్చున్న వేలెడంత మెనికెల్లా నుదురు తుడుచుకుంది.

ఒనోఫ్రియో కళ్ళు చిట్లించాడు. “పండితులుగారూ, ఏ చేత్తో తుడుచుకుంది?”

“కుడిచేత్తో.”

“నాకు ఎడమ చెయ్యి కనిపించింది.”

“బొమ్మలో ఎడమ. కాబట్టి నిజానికి కుడి.” ప్లాచిదో బళ్ళో పిల్లాడికి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పాడు. “చీకటిగది కుడిఎడమల్ని తారుమారు చేస్తుంది కాపిటానో. మా సభలో ప్రతివాడికీ తెలుసు. చూసింది దిద్దుకుని చెప్పడం మాకు అలవాటు.”

“దిద్దుకుని చెప్పడం,” అన్నాడు ఒనోఫ్రియో నెమ్మదిగా. “ఆవిడ పుట్టి బుద్ధెరిగాక కుడిచేత్తో ముక్కు కూడా చీదుకోలేదయ్యా. ఇప్పుడు మాత్రం కుడిచేత్తో నుదురు తుడుచుకుంటుందా?”

చీకట్లో ప్లాచిదో కాగితం దగ్గరికి జరిగాడు.

“గిన్నె ఒకసారి బోర్లిస్తే బోర్లా పడుతుంది,” అన్నాడు ఒనోఫ్రియో. “రెండోసారి బోర్లిస్తే?”

“వెల్లకిల...”

“చిల్లు ఒకసారి తిప్పింది. ఏటవాలు అద్దం మళ్ళీ తిప్పింది. డాన్ త్రయానో తలకాళ్ళని మాత్రమే సరిచెయ్యలేదు పండితులుగారూ. కుడిఎడమల్ని కూడా సరిచేశాడు. ఈ కాగితం మీద ఎడమ అంటే ఎడమే. మా కొండమీది గొర్రెలకాపరిని ఇక్కడ నిలబెడితే, చూసింది చూసినట్టు చెప్పేసేవాడు. మీకు చదువుంది కనక దిద్దారు. సోమవారం ఈ కాగితం మీద, కప్పు మీదికి వచ్చింది ఏ చెయ్యి? దిద్దకుండా చెప్పండి.”

ప్లాచిదో సోమవారం చూసినట్టే కాగితం మీదికి వంగి, తన చెయ్యి విదిలించి చూసుకున్నాడు.

“కుడి,” అన్నాడు. “దేవుడా! కుడిచెయ్యి. నేనా మనిషిని ఉరికంబం దాకా...” కుర్చీ కోసం తడుముకుని, దొరక్క నేల మీదే కూర్చున్నాడు.

“పాదిరిగారూ, విన్నారా?”

ఆయనింకా కాగితం మీదికే వంగి ఉన్నాడు.

“ఒనోఫ్రియో,” అన్నాడు. నాయనా అనలేదు. “నువ్వు గుడ్డ వేలాడదీశావా?”

“లేదు. మర్చే...”

“అయితే వాళ్ళెందుకు మొదలెట్టారు?”

ఒనోఫ్రియో బల్ల మీదికి వంగాడు. బూడిదరంగు అంగీ ఒకటి బావిగట్టు దగ్గర నిలబడి ఉంది. రెండోది నిమ్మచెట్టు కింద తల వాల్చుకుని ఉంది. ఏది ఎవరు? ఎవరు లేచి బావి దగ్గరికి వచ్చారు? మబ్బు కోసం చూస్తూ అసలు మనుషుల్ని వదిలేశాడు. బావి దగ్గరి అంగీ కప్పులో నీళ్ళు వంచింది. కిటికీ వైపు ఒకసారి తలెత్తి చూసింది. గుడ్డ లేదు. ఎవరూ చూడటం లేదు. చెయ్యి అంగీలోకి వెళ్ళింది, బయటికి వచ్చింది, కప్పు మీద ఆగింది. వేళ్ళు విదిలించాయి.

కుడిచెయ్యి.

ఎంత నాజూగ్గా చేసింది! బియ్యపుగింజంత చెయ్యి. నిమ్మకాయలు అలాగే మెరుస్తున్నాయి. ఆకులు అలాగే ఊగుతున్నాయి. ఇంత అందమైన బొమ్మలో హత్య నడుస్తుంటే కూడా చప్పుడు లేదు. బూడిద అంగీ కప్పు పట్టుకుని అరుగు వైపు నడిచింది. పొద్దుట్నించి గుక్కెడు నీళ్ళు ఎరగని మెనికెల్లా దాన్ని రెండు చేతులా అందుకుంది.

మెట్లు పద్దెనిమిది. తలుపులు రెండు. చాలదు.

“తప్పుకోండి!” అంటూ ఒనోఫ్రియో ముక్కాలిపీట ఎత్తాడు.

“అద్దం...” అని కేకపెట్టాడు ప్లాచిదో. “లోకంలో అదొక్కటే...”

పీట కిటికీ చెక్కని తాకింది. ఏడాది పాటు అరగదీసిన గాజు పెళ్ళున పగిలింది. చెక్క రెండుగా చీలింది. ఎండ వరదలా లోపలికి విరుచుకుపడింది. బల్ల మీద ముంగిలి లేదు, నిమ్మచెట్టు లేదు. ఉత్త కాగితం. పాదిరి సిల్వేరియో ఆ పగుల్లోంచి సగం ఒళ్ళు బయటికి వాల్చి, పెద్ద గుడిలో కడపటి వరసకి వినిపించేలా మాట్లాడి మాట్లాడి పండిన గొంతుతో అరిచాడు:

“తాగొద్దమ్మా! మెనికెల్లా! తాగొద్దు!”

కప్పు ఆమె పెదవుల దగ్గర ఆగింది.

ముంగిట్లో అందరూ తలెత్తారు. నిమ్మచెట్టు కిందివాడు ఉలిక్కిపడి లేచి ముసుగు వెనక్కి తోసుకున్నాడు: ఎర్కొలే, నిద్రకళ్ళతో. ఒనోఫ్రియో మూడు రోజులుగా తన మనసులో ఉరి తీస్తున్న ముఖం అది. అయితే...

అరుగు దగ్గరి మనిషి ముసుగు తియ్యలేదు. వంగాడు. ఎప్పటిలాగే మృదువుగా చెయ్యి చాపాడు.

“ఇటివ్వు తల్లీ. నీళ్ళలో ఏదో పడ్డట్టుంది. పారబోసి మంచివి తెస్తాను.”

డాన్ గ్రాత్సియానో గొంతు.

“ఒక్క చుక్క కింద పడకూడదు!” అన్నాడు ఒనోఫ్రియో కిటికీలోంచి. “మెనికెల్లా, ఆ కప్పు వదలకు. వదిలావా, ఇక నీ తరఫున మాట్లాడేది ఏదీ మిగలదు. భటులూ!”

మెనికెల్లా పైకి చూసింది, పగిలిన కిటికీ వైపు. తన అద్దం ఉండాల్సిన చోట పాదిరి తల ఉంది. తర్వాత కప్పులోకి చూసింది. తర్వాత ముసుగులోకి. ఏది ముందు అర్థమైందో గాని, ఆమె ముఖం మీద రంగు దిగిపోయింది.

“డాన్ గ్రాత్సియానో,” అంది. “కోళ్ళ సంగతి నేను చెప్పింది మీ ఒక్కరికే. మీ పొడే కదా, రెండూ బతికాయంటే సంతోషిస్తారనుకున్నాను.”

ముసలాయన ఇరవై ఏళ్ళుగా ఊరూరా అమ్మిన పొడి, రాసినా రాయకపోయినా ఒకటేనని ఆ కోళ్ళు చూపబోయిన పొడి. కత్తిగాటు పడిన ప్రతి సిపాయి తల్లీ మెడలో కట్టుకున్న పొట్లం. ఆయన చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. వీధి గుమ్మంలోంచి భటులు పరిగెత్తుకొచ్చి, ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డారు. ఎర్కొలే నిమ్మచెట్టు మొదలు పట్టుకుని ఉన్నాడు.

మెనికెల్లా లేచి నిలబడింది. కాలి గొలుసు గలగలమంది. కప్పుని ఎడమ చేతిలోకి మార్చుకుని, వణక్కుండా, ఒలక్కుండా ముసుగు ఎదురుగా పట్టుకుంది.

“అందరి ముందూ చేసి చూపందే ఏదీ నమ్మకూడదు గదా మన సభలో,” అంది. “అందరూ ఉన్నారు. నీళ్ళే కదా ఇవి. తాగండి.”

పైన పాదిరి చేతులు కిటికీ అంచుని బిగించాయి. డాన్ గ్రాత్సియానో ముసుగు వెనక్కి తోశాడు. తెల్లగడ్డం, అలసిన కళ్ళు. కుడిచెయ్యి కప్పు వైపు కాస్త లేచింది. అందరూ ఆ చేతినే చూశారు. అది గాల్లో ఆగి, మెల్లగా కిందికి దిగిపోయింది.

“నాకు దాహం లేదమ్మా,” అన్నాడు.